డాక్టర్ సలహా: ఆ సిరీస్ చూసిన రాత్రి నుంచి తమ్ముడు మాతో సరిగ్గా మాట్లాడట్లేదు

ప్రశ్న: నా వయసు 31, తమ్ముడికి 27. తాగుడు బాగా ముదిరి, చికిత్స తీసుకుని, 14 నెలలుగా పూర్తిగా మానేశాడు. మానిన రెండో రోజు ఫిట్స్ వచ్చి బాత్‌రూమ్ దగ్గర పడిపోతే మొదట చూసింది నేనే. మొన్న ఇంట్లో అందరం కలిసి అమెరికన్ పాప్ సింగర్ డెమీ లొవాటో గురించిన డాక్యుమెంటరీ సిరీస్ చూశాం. పెట్టింది నేనే, ఆమె పాటలంటే నాకు చాలా ఇష్టం. ఓవర్‌డోస్ సంగతి వచ్చినప్పుడు నాన్న "డబ్బెక్కువైతే ఇంతే, ఒళ్ళు కొవ్వెక్కి చేసే పనులు" అన్నారు. పిన్ని "ఇలాంటివాళ్ళు మారర్లే" అంది. అమ్మ ఏడుస్తూ కూర్చుంది. తమ్ముడు మధ్యలోనే లేచి గదిలోకి వెళ్ళిపోయాడు. మర్నాడు ఫోన్‌లో ఆ సిరీస్ క్లిప్ ఒకటి చూశాడట. "ఆమె కొంచెం కొంచెం తాగుతూ బాగానే ఉన్నానంటోంది కదా అక్కా, నేనూ అలా ఉండొచ్చా?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు, గుండె దడ. రాత్రి రెండు మూడుసార్లు లేచి వాడి గది తలుపు దగ్గర నిలబడి, ఊపిరి వినిపిస్తోందా లేదా అని చూసుకుంటున్నాను. ఆ సిరీస్ వల్ల నాకు డిప్రెషన్ వచ్చిందా? మిగతా భాగాలు చూస్తానంటున్నాడు, చూడనివ్వొచ్చా?

జవాబు: మీ తమ్ముడు అడిగిన దానితోనే మొదలుపెడతాను. మిగతావి ఒక రోజు ఆగినా ఫర్వాలేదు, అది ఆగదు. ఇంకా జవాబు చెప్పకపోతే ఇవాళే చెప్పండి: వద్దు, కొంచెం కూడా వద్దు.

ఆ సిరీస్ 2021 మార్చిలో వచ్చింది. ప్రాణం మీదికి తెచ్చిన మత్తుమందులు మానేసి, మందు, గంజాయి మాత్రం మితంగా తీసుకుంటున్నానని లొవాటో అందులో చెప్తుంది. మీ తమ్ముడు క్లిప్‌లో విన్నది ఆ మాటే అయి ఉంటుంది. కానీ అదే ఏడాది డిసెంబర్‌లో, ఆ పద్ధతిని ఇక సమర్థించనని, పూర్తిగా మానడం ఒక్కటే దారి అని ఆమే ప్రకటించింది. తొమ్మిది నెలల్లో మనిషి మారింది, సిరీస్ మారలేదు. ఇవాళ కొత్తగా చూసేవాళ్ళందరికీ మార్చి నాటి లొవాటోనే కనిపిస్తుంది. అదే సిరీస్‌లో బ్రిటిష్ గాయకుడు ఎల్టన్ జాన్ కూడా ఉన్నారు. 1990 నుంచి మందూ మత్తూ ముట్టని మనిషి ఆయన. మితంగా తీసుకోవడం అనేది పనిచేయదని మొహమాటం లేకుండా చెప్పేస్తారు. మీ తమ్ముడు చూసిన ముక్కలో అది ఉండకపోవచ్చు.

సెలబ్రిటీల మాట పక్కన పెట్టినా మీ తమ్ముడి విషయంలో నా జవాబు మారదు. మందు ఆపగానే ఫిట్స్ వచ్చాయంటే అతని మెదడు ఆల్కహాల్‌కి ఎంత అలవాటు పడిపోయిందో అర్థమవుతుంది. ఇలాంటివాళ్ళు మళ్ళీ తాగి, మళ్ళీ ఆపిన ప్రతిసారీ ఫిట్స్ ముప్పు పెరుగుతూ పోతుంది. రెండో సంగతి, 14 నెలలు మానిన ఒంటికి పాత డోసు తట్టుకునే శక్తి ఉండదు. కోరిక మాత్రం పాత లెక్కే అడుగుతుంది. ప్రమాదమంతా ఆ తేడాలోనే ఉంది. లొవాటో ఆరేళ్ళు మానేసి, 2018లో మళ్ళీ మొదలుపెట్టి, కొన్ని నెలలు తిరక్కుండానే ఆ జులై 24న ఓవర్‌డోస్‌తో పడిపోయింది. మూడు స్ట్రోక్‌లు, ఒక గుండెపోటు. చూపులో మచ్చలు మిగిలిపోయాయి, కారు నడపలేకపోతున్నానని ఆమే చెప్పింది. బ్రిటిష్ గాయని ఎమీ వైన్‌హౌస్ సంగతి ఇంకా దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ ప్రాణం తీసింది మందొక్కటే. 2011 జులై 23న, 27 ఏళ్ళ వయసులో ఆమె చనిపోయినప్పుడు పరీక్షల్లో నిషేధిత మత్తుపదార్థాలేవీ దొరకలేదు. రక్తంలో ప్రతి 100 మిల్లీలీటర్లకి 416 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉంది. అప్పట్లో బ్రిటన్‌లో కారు నడిపేవాళ్ళకి ఉన్న పరిమితి 80. కొంతకాలం ముట్టకుండా ఉండి, మళ్ళీ మొదలుపెట్టిన రోజుల్లో జరిగింది అది.

ఇవన్నీ తమ్ముడికి అప్పజెప్పి భయపెట్టమని కాదు. అతను మిమ్మల్ని అడిగాడు చూడండి, అది నాకు మంచి సూచనగా అనిపించింది. తాగాలని తేల్చుకున్నవాడు అక్కని అడగడు, వెళ్ళి తాగుతాడు. అడిగాడంటే లోపల పెనుగులాట జరుగుతోందని అర్థం. "వద్దురా" అని చెప్పాక "తాగాలని ఎప్పుడెప్పుడు అనిపిస్తోంది?" అని మామూలుగా అడగండి. గ్లాసులు, సీసాలు, మత్తు సీన్లు తెర మీద కనిపిస్తే మానేసినవాళ్ళకి కోరిక ఒక్కసారిగా లేస్తుంది, అందులో వాళ్ళ తప్పేం లేదు. చాలామందిలో ఆ పొంగు పావుగంట, అరగంటలో తగ్గుముఖం పడుతుంది. ఆ కాసేపు పక్కన ఒక మనిషి ఉన్నా, బయట నాలుగడుగులు నడిచొచ్చినా గండం గట్టెక్కుతుంది. ఈ వారంలోనే అతనికి చికిత్స చేసిన డాక్టర్ దగ్గరికి ఒకసారి వెళ్ళిరమ్మనండి. తాగాలన్న కోరికని తగ్గించే మందులున్నాయి. నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ లాంటివి లివర్, కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసి ఇస్తారు. నాల్ట్రెక్సోన్‌ని నెలకోసారి ఇంజెక్షన్‌గా కూడా ఇస్తారు. మనసు గట్టిగా ఉంటే చాలు, మందులెందుకని ఇంట్లో ఎవరైనా అంటే పట్టించుకోకండి.

ఒకవేళ ఇప్పటికే తాగడం మొదలుపెట్టి, రోజూ తాగుతున్నాడని తెలిస్తే మాత్రం ఇంట్లో తలుపేసి హఠాత్తుగా ఆపించకండి. ఫిట్స్ చరిత్ర ఉన్నవాళ్ళకి ఆ పని ఆసుపత్రిలోనే జరగాలి.

ఇప్పుడు మీ ఇంట్లో అన్న మాటల దగ్గరికి వస్తాను. నా దృష్టిలో ఆ రాత్రి అసలు దెబ్బ తగిలింది ఇక్కడే. నాన్నగారు ఆ మాట అన్నది లొవాటోని. ఆమెకి అది ఎన్నటికీ చేరదు. అదే సోఫాలో కూర్చున్న మీ తమ్ముడికి మాత్రం సూటిగా తగిలింది. నా దగ్గరికి వచ్చే పేషెంట్లలో ఒకతను ఇలాంటి సందర్భం గురించే చెప్పాడు. టీవీలో ఎవరో హీరో తాగి కారు గుద్దాడన్న వార్త వస్తోందట. "మావాళ్ళు వాణ్ని తిడుతున్నంతసేపూ నా వైపు చూడలేదు డాక్టర్, అందుకే నాకు అర్థమైంది" అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు. మీరు కూడా ఆ రాత్రిని గుర్తు చేసుకోండి. "ఇలాంటివాళ్ళు మారర్లే" అని పిన్ని అన్నప్పుడు, 14 నెలలుగా మారి చూపిస్తున్న మనిషి ఆ గదిలోనే ఉన్నాడు.

నాన్నగారిని తప్పుపట్టాలని కాదు. తెర మీద ఓవర్‌డోస్ సీన్ వస్తుంటే కొడుకు గుర్తు రాకుండా ఉండడు, ఆ భయం చాలామంది తండ్రుల్లో కోపంగానే బయటికి వస్తుంది. కానీ "డబ్బెక్కువై" అన్న లెక్క వైద్యపరంగా నిలబడదు. తాగుడు వ్యసనం రావడంలో దాదాపు సగం వాటా వంశపారంపర్యానిదే. లొవాటో తండ్రికి కూడా వ్యసనం, మానసిక వ్యాధి రెండూ ఉన్నాయి, 2013లో చనిపోయారు. చిన్నప్పుడు మనసుకి తగిలిన దెబ్బలు, అత్యాచారం, తిండికి సంబంధించిన జబ్బు, ఇవన్నీ ఆమె బయటికి చెప్పినవే. వీటిలో డబ్బుతో వచ్చినది ఏదీ లేదు. మీ కుటుంబంలో ముందు తరంలో ఎవరికైనా తాగుడు సమస్య ఉండేదా? ఉంటే అది తమ్ముడి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

పేరు పెట్టి పిలవడంలో ఏముంది అనుకుంటాం. చదువుకున్న నిపుణుల మీద కూడా మాట పనిచేస్తుందని అమెరికాలో తేలింది. 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో అయిదొందల మందికి పైగా మానసిక ఆరోగ్య నిపుణులకి ఒకే పేషెంట్ వివరాలిచ్చారు. కొందరి కాగితంలో అతన్ని మత్తు దుర్వినియోగం చేసే మనిషి అని, మిగతావాళ్ళ కాగితంలో మత్తు వాడకం అనే జబ్బు ఉన్న మనిషి అని రాశారు. మిగతాదంతా అక్షరం మారలేదు. మొదటి రకం కాగితం చదివినవాళ్ళు తప్పంతా అతనిదేనని, శిక్ష ఉండాలని ఎక్కువగా మొగ్గారు. నిపుణుల సంగతే అలా ఉంటే ఇంట్లో "తాగుబోతు" అన్న మాట ఎంత పని చేస్తుందో ఊహించుకోవచ్చు. అలా సిగ్గుతో కుంగినవాడు చికిత్సకి వెళ్ళడు, దాచుకుంటాడు, దాచుకుని తాగుతాడు.

అమ్మగారి ఏడుపు వేరే సంగతి. దాన్ని ఆపమనను. ఏడ్చిన మర్నాటి నుంచి కొడుకు జేబులు వెతకడం, దగ్గరికొచ్చి వాసన చూడడం మొదలైతే మాత్రం ఆమెతో నెమ్మదిగా మాట్లాడండి.

మీ విషయం. మీరు వర్ణించింది చూస్తే ఆ సిరీస్ మీకు డిప్రెషన్ తెప్పించిందని నాకు అనిపించట్లేదు. ఒక సంఘటనని తెర మీద చూడడం వల్ల పీటీఎస్‌డీ (భయంకరమైన సంఘటన తర్వాత ఆ భయం మనసుని వదలకుండా పట్టుకునే జబ్బు) వస్తుందని మానసిక వైద్యంలో సాధారణంగా లెక్కించం. కానీ మీరు చూసింది తెర మీద మాత్రమే కాదు. బాత్‌రూమ్ దగ్గర, నేల మీద, ఒళ్ళంతా కొట్టుకుంటున్న తమ్ముణ్ని కళ్ళారా చూశారు. ఆ రోజు మీ గురించి ఎవరూ అడిగి ఉండరు, అందరి దృష్టీ అతని మీదే ఉండి ఉంటుంది. 14 నెలలుగా ఆ భయాన్ని మీరు లోపలే అణిచిపెట్టుకున్నారు. సిరీస్ దాని మూత తీసింది, అంతే. రాత్రుళ్ళు తలుపు దగ్గర నిలబడేది ఆ భయమే.

ఊపిరి వినిపించగానే రెండు నిమిషాలు హాయిగా ఉంటుంది, గంటకల్లా మళ్ళీ అనుమానం వస్తుంది కదా? చూసుకోవడం పెరిగేకొద్దీ టెన్షన్ పెరుగుతుంది. మూడుసార్లు లేస్తుంటే ఈ వారం ఒకసారికి తగ్గించండి, వచ్చే వారం అదీ మానేయండి. తమ్ముడికి దాచకుండా చెప్పేయండి కూడా: "నువ్వు పడిపోయిన రోజు నా కళ్ళలోంచి పోవట్లేదురా." అతనికి ఆ సంగతి తెలిసి ఉండకపోవచ్చు. గుండె దడకి ఒకసారి ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకుంటే మంచిది, అన్నీ మనసు మీదికే తోసేయకూడదు. నిద్రలేమి రెండు వారాలు దాటినా, ఆకలి పోయినా, దేని మీదా ఇష్టం లేకపోయినా సైకియాట్రిస్ట్‌ని కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన మీకు గానీ తమ్ముడికి గానీ వస్తే వారాలు లెక్కపెట్టకండి, ఆ రోజే వెళ్ళండి. నిద్ర మాత్రలు మీ అంతట మీరు కొనుక్కోవద్దు. పైగా ఆ ఇంట్లో అలాంటి మాత్రలు ఉండడం తమ్ముడికీ మంచిది కాదు.

మందు ముట్టని మనిషి మామూలుగా నిద్రపోతుంటే ఊపిరి లెక్కపెట్టే పని లేదు. లెక్కపెట్టాల్సిన సందర్భం వేరే ఉంది, అది తెలిస్తే మీకే ధైర్యం. మందు గానీ మత్తు గానీ తీసుకున్న మనిషి ఎంత తట్టినా లేవకపోయినా, నిమిషానికి ఎనిమిది కంటే తక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు దాటుతున్నా, పెదాలు నీలంగా మారినా, గొంతులో గురగురమంటున్నా వెంటనే అంబులెన్స్‌ని పిలవండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఒంటరిగా వదలకండి. పడుకుంటే దిగిపోతుందిలే అని వదిలేయడం వల్లే చాలా ప్రాణాలు పోతున్నాయి.

చివరిగా, మిగతా భాగాలు. అతని వయసు 27. చూడనివ్వడం, చూడనివ్వకపోవడం మన చేతిలో లేదు, రహస్యంగా ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చూడడం కంటే మీతో కలిసి పూర్తిగా చూడడమే నయం. ముందు డాక్టర్‌ని కలిసి రానివ్వండి. తర్వాత పగటిపూట, రోజుకి ఒక భాగం, మీరిద్దరే. రిమోట్ అతని చేతికివ్వండి, ఎక్కడ ఆపాలనిపిస్తే అక్కడ ఆపేస్తాడు. ఓవర్‌డోస్ భాగం వద్దంటే దాటేయండి. డిసెంబర్‌లో ఆమె మాట మార్చుకున్న సంగతి మాత్రం మొదలుపెట్టే ముందే చెప్పండి. అయిపోయాక "నీకెలా అనిపించింది?" అని ఒక్క మాట అడిగి ఊరుకోండి. వెంటనే ఏమీ చెప్పకపోవచ్చు. ఒక్కోసారి సాయంత్రం అవుతుంది, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. మళ్ళీ అడగకండి, అతనే వస్తాడు.