చలికాలంలో చిన్నపిల్లలతో డిస్నీ వరల్డ్: ముందుగా మంకీ క్యాపులు సర్దుకోండి

నాలుగేళ్ల పాప, రెండేళ్ల బాబు ఉన్నారనీ, క్రిస్మస్ సెలవుల్లో ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్‌కు తీసుకువెళ్లాలనుకుంటున్నారనీ, ఎన్ని రోజులు ఉండాలో, ఏయే రైడ్లు తప్పక ఎక్కించాలో చెప్పమనీ మీరు అడిగారు. రెండేళ్ల కిందట దాదాపు ఇదే వయసు పిల్లలతో, ఆరు నెలల కోసం తెనాలి నుంచి వచ్చిన మా అమ్మను కూడా వెంటబెట్టుకుని, న్యూజెర్సీ నుంచి వెళ్లివచ్చినవాణ్ణి నేను. రైడ్ల సంగతి తరువాత చెబుతాను, ముందుగా ఆ క్రిస్మస్ సెలవుల ఆలోచన మానుకోండి.

క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ నడుమ ఉండే వారం అక్కడ ఏడాది మొత్తంలోకీ జనం ఎక్కువగా కిక్కిరిసే వారాల్లో ఒకటి. టికెట్టు ధర తేదీని బట్టి మారుతుంది కనుక ఆ రోజుల్లో డబ్బూ ఎక్కువే పెట్టవలసి వస్తుంది. బడికి వెళ్లే పిల్లలున్నవాళ్లకు వేరే దారి లేదు, వాళ్లను నేనేమీ అనను. ఇంకా బడిలోనే చేరని పిల్లలున్నవాళ్లు, కేవలం ఆఫీసులో ఎలాగూ సెలవే కదా అన్న ఒక్క కారణంతో ఆ వారంలోనే బయలుదేరడం మాత్రం నాకు ఎంతమాత్రం అర్థం కాని విషయం. నాలుగు రోజులు సెలవు పెట్టుకుని సంక్రాంతి ప్రాంతంలో వెళ్లండి. జనవరి మొదట్లో జరిగే మారథాన్ రోజులనూ, మూడో సోమవారం వచ్చే మార్టిన్ లూథర్ కింగ్ సెలవునూ తప్పించుకుంటే చాలు. క్రిస్మస్ అలంకరణలు చూడాలన్న కోరిక బలంగా ఉంటే డిసెంబరు మొదటి రెండు వారాల్లో పనిదినాలు ఎంచుకోండి. అయితే ఆ రోజుల్లో కొన్ని సాయంత్రాలు, డిస్నీ వరల్డ్‌లోని నాలుగు పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో విడిగా టికెట్టు కొనవలసిన క్రిస్మస్ పార్టీ ఉంటుంది, అది లేనివాళ్లకు ఆరు గంటలకే పార్కు మూసేస్తారు. క్యాలెండరు చూసుకోకుండా టికెట్లు కొనకండి.

ఇక చలి గురించి. ఫ్లోరిడా అనగానే మనకు ఎండ, సముద్రం, పొట్టి చేతుల చొక్కాలు గుర్తుకువస్తాయి. జనవరిలో మధ్యాహ్నం సగటున 22 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుందన్నది నిజమే గాని, ఉత్తరం నుంచి చలిగాలి దిగిన రోజున తెల్లవారేసరికి నాలుగైదు డిగ్రీలకు పడిపోతుందన్న సంగతిని నేను లెక్కలోకి తీసుకోలేదు. విమానంలో బరువు తగ్గుతుందని చెప్పి, అందరి చలికోట్లనూ నువార్క్ విమానాశ్రయం పార్కింగులో కారు వెనక సీటు మీదే వదిలేయించాను. మా అమ్మ మాత్రం ఎవరికీ చెప్పకుండా తన చేతిసంచిలో రెండు మంకీ క్యాపులు పెట్టుకుంది. అవి తెనాలిలో కొన్నవి, మెరూన్ రంగువి, నెత్తిన ఊలు బంతి ఉన్నవి.

మర్నాడు ఉదయం ఏడు గంటలకు, కారు నిలిపిన చోటు నుంచి మ్యాజిక్ కింగ్‌డమ్ ద్వారానికి సరస్సు మీదుగా తీసుకువెళ్లే ఫెర్రీ ఎక్కాం. మోనోరైలులో వెళ్లి ఉంటే వెచ్చగా ఉండేదే, కాని ఫెర్రీ పై అంతస్తు నుంచి పార్కులోని సిండరెల్లా కోట కనిపిస్తే ఫొటో బాగుంటుందని పడవను ఎంచుకున్నది కూడా నేనే. నీళ్ల మీది గాలికి పాప ముక్కు ఎర్రబడింది, బాబు వాళ్లమ్మ ఒళ్లో ముడుచుకుపోయాడు. అమ్మ ఒక్క మాటైనా అనకుండా సంచిలోంచి టోపీలు తీసి ఇద్దరికీ తొడిగి, గడ్డం కింద సర్దింది. ఫొటోల కోసమని ముందే కొనిపెట్టుకున్న మిక్కీ చెవుల బ్యాండును పాప ఆ మంకీ క్యాప్ మీదే పెట్టుకుంది. ఆ రోజు తీసిన ప్రతి ఫొటోలోనూ ఆ చెవుల నడుమ ఒక ఊలు బంతి కనిపిస్తుంది. మొదట కాస్త నామోషీగా అనిపించింది గాని, మొదటి గంట గడిచేసరికి ఆ టోపీ నాకూ ఒకటి ఉంటే బాగుండుననిపించింది.

నా ఫోనులో ఇరవైరెండు పనుల జాబితా ఉంది. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకాయన తన ఎక్సెల్ షీటును అందరికీ పంచిపెడుతుంటారు. ఎన్ని గంటలకు ఏ రైడ్, ఎన్ని నిమిషాలకు ఏ క్యూ అని అందులో ఉంటుంది గాని, పిల్లవాడు ఎప్పుడు పడుకుంటాడన్న గడి మాత్రం ఉండదు. ఆ షీటు ప్రకారం మేము మొదట వెళ్లవలసినది సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్. దానికి కనీసపు ఎత్తు 38 అంగుళాలు. మా వంటింటి తలుపు పక్క గోడ మీద, బూట్లతో నిలబెట్టి, కొంచెం ఉదారంగానే గీసిన పెన్సిలు గీత ప్రకారం మా పాప 38 అంగుళాలు ఉంది. ద్వారం దగ్గర ఉన్న ఆవిడ కొలత కర్ర తెచ్చి పక్కన నిలబెడితే, ఊలు బంతి దానికి తగిలింది. నేను సంబరపడేలోపే ఆవిడ నవ్వుతూ టోపీ తీయమంది. టోపీ తీశాక పాప తలకూ ఆ కర్రకూ మధ్య నా బొటనవేలు పట్టేంత సందు మిగిలింది. ఆవిడ చేసినదే సరైన పని. తప్పంతా నా పెన్సిలుది. దారి పొడుగునా ఆ రైడ్ గురించి ఊదరగొట్టి తీసుకువచ్చినవాణ్ణి నేను కావడంతో, అక్కడ మొదలైన ఏడుపు మాత్రం నా ఖాతాలోనే పడింది.

కాబట్టి బయలుదేరేముందు పాపను చెప్పులు లేకుండా గోడకు ఆనించి నిజాయితీగా కొలవండి. ఎత్తు చాలని రైడ్ పేరును పిల్లల దగ్గర అసలు ఎత్తకండి. డంబో, పీటర్ పాన్, విన్నీ ద పూ, ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ వంటివాటికి ఎత్తు నిబంధన లేదు, మీ పిల్లల వయసుకు అవే ఒక రోజుకు సరిపోతాయి. పెద్దవాళ్లకు సరదా ఉంటే రైడర్ స్విచ్ అడగండి. ఒకరు ఎక్కి వచ్చేదాకా రెండోవారు పిల్లలతో బయట ఉండి, ఆ తరువాత మళ్లీ ఆ పొడుగాటి క్యూలో నిలబడకుండానే ఎక్కవచ్చు.

పదకొండు గంటలకు ఎండ వచ్చింది, టోపీలు సంచిలోకి వెళ్లాయి. ఒంటిగంట అయ్యేసరికి పాప పాప్‌కార్న్ కింద పడిందని ఏడ్చింది, బెలూన్ కొనలేదని ఏడ్చింది, కొన్నాక అది నీలం రంగుదని ఏడ్చింది. నేను ఫోను చూసుకుంటూ, ఇంకా పదమూడు మిగిలాయి, ఒక్క మైన్ ట్రైన్ పోయినందుకు ఇంత రాద్ధాంతమా అని విసుక్కుంటున్నాను. అప్పటిదాకా నోరు మెదపని మా అమ్మ, “అది రైడ్ కోసం ఏడవట్లేదురా, నిద్రకు ఏడుస్తోంది. నువ్వు కూడా దానికే అరుస్తున్నావు” అంది. నేను వెనక్కి తిరిగి చూస్తే బాబు అప్పటికే స్ట్రోలర్‌లో మెడ వాల్చి నిద్రపోతున్నాడు. ఇంత డబ్బు పోసి మధ్యాహ్నానికే గదికి వెళ్లిపోవడమా అని నా ప్రాణం విలవిల్లాడింది గాని, వెళ్లాం. నలుగురూ కాదు, నాతో కలిపి ఐదుగురమూ రెండు గంటలు ఒళ్లు తెలియకుండా పడుకున్నాం.

సాయంత్రం తిరిగి వచ్చినప్పటి సంగతే మీకు చెప్పాలనుకున్నది. జనవరి మధ్యలో అక్కడ సాయంత్రం ఆరులోపే సూర్యుడు అస్తమిస్తాడు కనుక, దీపాలు వెలిగిన కోటను చూపించడానికి పిల్లలను రాత్రి పదింటిదాకా మేల్కొలిపి ఉంచనవసరం లేదు. వేసవిలో వెళ్లేవారికి ఈ సౌకర్యం దొరకదు. నిద్ర లేచిన పాప అదే మెరూన్ టోపీ పెట్టుకుని, పొద్దున్నటి గొడవ ఏమీ జరగనట్టు, స్మాల్ వరల్డ్ పడవను వరుసగా రెండుసార్లు ఎక్కింది. ప్రపంచంలోని పిల్లల బొమ్మలన్నీ ఒకే పాట పాడే ఆ రైడ్ 1971లో పార్కు తెరిచినప్పటి నుంచీ ఉన్నదే. నాకు అది పరమ విసుగు, మా అమ్మకు మాత్రం బొమ్మల కొలువులో పడవ మీద తిరిగినట్టుందట.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. మూడేళ్లు నిండనివారికి టికెట్టు అక్కర్లేదు కనుక మీ బాబుకు ఖర్చు లేదు. అయితే “ఉచితం కదా, మూడు నిండేలోపే తీసుకెళ్లండి” అని తొందరపెట్టే బంధువుల మాటలు వినకండి, ఆ ఉచితానికి మీ వీపు చెల్లిస్తుంది. నాలుగు పార్కులున్నా మీకు మ్యాజిక్ కింగ్‌డమ్ ఒక రోజు, మధ్యలో ఒక రోజు విశ్రాంతి, ఆ తరువాత యానిమల్ కింగ్‌డమ్ ఒక రోజు చాలు. వాటర్ పార్కుల జోలికి వెళ్లకండి, చలికాలంలో ఆ రెండింటిలో ఒకదాన్ని మరమ్మతులకు మూసి ఉంచడం మామూలే. బయటి ఆహారం లోపలికి తెచ్చుకోవచ్చు, గాజు సీసాలూ విడి ఐసు ముక్కలూ మాత్రం ఉండకూడదు. మా అమ్మ కలిపిన పులిహోర రెండు పూటలా మమ్మల్ని ఆదుకుంది, పెరుగన్నం పిల్లలకు సరిపోయింది. ప్రతి పార్కులోనూ బేబీ కేర్ సెంటర్ ఉంటుంది, డయపరు మార్చడానికీ, పాలు పట్టడానికీ అక్కడికి వెళ్లండి. స్ట్రోలరు వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు దాటకూడదు.

కోట్లను మాత్రం విమానంలోకి తీసుకువెళ్లండి. తిరుగు ప్రయాణంలో నువార్క్‌లో దిగేసరికి సన్నగా మంచు పడుతోంది. కారు తలుపు తీసి చూస్తే నేను భద్రంగా దాచిన కోట్లు ఫ్రిజ్‌లోంచి తీసినట్టున్నాయి. నేనూ మా ఆవిడా వాటిలోకి చేతులు దూర్చి వణుకుతుంటే, వెనక సీట్లో రెండు మెరూన్ టోపీలు ఒకదాని మీద ఒకటి వాలి నిద్రపోతున్నాయి.