డాబా దిగితే గురుగ్రహం బాగుంటుంది

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. నా టెలిస్కోపు అద్దం 114 మిల్లీమీటర్లది. డాబా మీద పెట్టి చూస్తే గురుగ్రహంపై రెండు చారలు తెలుస్తున్నాయి. ఫోనుతో తీస్తే తెల్లటి బిళ్లలా వస్తోంది. ఇంకా పెద్దది కొనమంటారా?

జవాబు: కొనకండి. ఖండపడాలో ఖగోళ శాస్త్రవేత్త పఠాణి సామంత కర్ర, వెదురు సాధనాలతో గ్రహగతులు లెక్కగట్టిన రాష్ట్రం మనది. మీ అద్దాన్ని చిన్నచూపు చూస్తే నాకు నచ్చదు. కంటికి చారలు ఆనుతున్నాయంటే అది బాగానే ఉన్నట్టు.

లోపం ఫోనుది. చుట్టూ చీకటిని చూసి అది వెలుగు పెంచేస్తుంది. తెర మీద గ్రహాన్ని నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, చారలు కనిపించేదాకా తగ్గించండి. కాస్త మసకగా ఉన్నా మేలే. ఫోను చేత్తో పట్టుకోవద్దు. డబ్బు ఖర్చు పెట్టి తీరాలనుకుంటే, కన్ను ఆనించి చూసే ఐపీసుకు ఫోనును బిగించే హోల్డర్ కొనుక్కోండి.

ఫొటో కాదు, వీడియో తీయండి. గాలి కదలికకు గ్రహం మన మహేంద్రతనయ నది నీటి అడుగున గులకరాయిలా వణుకుతూ, ఎప్పుడో ఓ క్షణం నిలుస్తుంది. వేల ఫ్రేముల్లోంచి అలాంటి క్షణాలను ఏరి, ఒకదానిపై ఒకటి పేర్చే పని ఆటోస్టాకర్ట్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం ఉచితంగా చేస్తుంది. అంతకుముందు ఫోను వీడియోను పిప్ అనే ప్రోగ్రాంలో మార్చుకోవాలి. వీడియో రెండు నిమిషాలు దాటనివ్వకండి. గురుగ్రహం పది గంటలలోపే తన చుట్టూ తాను తిరిగేస్తుంది కాబట్టి, సాగదీస్తే వివరాలు అలుక్కుపోతాయి. చివర రెజిస్టాక్స్ అనే ఇంకో ప్రోగ్రాంలో బొమ్మకు పదును పెట్టాలి. చాలామంది ఇక్కడే అత్యాశకు పోయి గ్రహానికి లేని అంచు మొలిపిస్తారు.

అన్నిటికంటే ముందు డాబా దిగండి. పగలంతా ఎండ తాగిన శ్లాబు రాత్రి చాలాసేపు వేడి కక్కుతూనే ఉంటుంది. రాయగడలో నేను పెరట్లో, అరటిచెట్ల పక్కన మట్టినేల మీదే పెడతాను. పక్కింటి రేకుల కప్పు మీదుగా అసలు చూడను. గొట్టంలో గాలి చల్లారడానికి ముప్పావుగంట ముందే బయట ఉంచాలి. పల్చటి మంచు పట్టిన రాత్రి కనిపిస్తే వదులుకోకండి, గాలి తరచూ అప్పుడే నిలకడగా ఉంటుంది. అద్దం చెమర్చకుండా మాత్రం చూసుకోవాలి.

మన అక్షాంశం దాదాపు 19 డిగ్రీలు. 2026 జనవరి 10న సూర్యుడికి ఎదురుగా వచ్చినప్పుడు మిథునంలో ఉన్న గురుగ్రహం మనకు దాదాపు నడినెత్తికి చేరింది. అంత ఎత్తున ఉంటే అడ్డొచ్చే గాలి తక్కువ. మళ్లీ ఎదురుపడేది 2027 ఫిబ్రవరిలో. ఈలోగా చంద్రుడి మీద చేయి తిప్పుకోండి, ఫోకస్ పట్టడం అలవాటవుతుంది.