స్విచ్ మారిస్తే ఫైబర్ కూడా పీకేయాలా?

సందేహం: మా ఆఫీసులో మూడు అంతస్తులను కలుపుతూ ఎప్పుడో వేసిన ఫైబర్ కేబుల్ ఉంది. ఆరెంజ్ రంగుది. ఇప్పుడు కంప్యూటర్లను కలిపే 1 గిగాబిట్ నెట్‌వర్క్ స్విచ్‌లు తీసేసి 10 గిగాబిట్‌వి పెడుతున్నాం. కేబుల్ కూడా మొత్తం కొత్తగా వేయాల్సిందేనని స్విచ్‌లు ఇచ్చేవాళ్లు అంటున్నారు. పాతది పనికిరాదా?

జవాబు: ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. ప్రతిసారీ 'పాతది కదా, తీసేద్దాం' అన్న మాటే తప్ప, కేబుల్ ఏ రకమో చూసి, పొడవు కొలిచి చెప్పినవాళ్లు కనబడరు. ఫైబర్‌ విషయంలో వయసు పెద్ద లెక్క కాదు. గాజు తుప్పు పట్టదు. నలగకుండా, నీళ్లు చేరకుండా, మరీ బిగుతుగా వంగకుండా ఉంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. మీరు తేల్చుకోవాల్సింది అది ఏ రకం, ఎంత పొడవు అన్నదే.

రంగును నమ్ముకోవద్దు. లావు కోర్ (వెలుతురు నడిచే లోపలి గాజు దారం) ఉండే మల్టీమోడ్ ఫైబర్‌లో ఓఎం1, ఓఎం2 లాంటి రకాలున్నాయి. ఓఎం1కీ ఆరెంజ్ తొడుగే, ఓఎం2కీ ఆరెంజ్ తొడుగే. ర్యాక్ వెనక టార్చి వేసి, దుమ్ము తుడిచి, తొడుగు మీద ముద్రించింది చదవండి. 62.5/125 (కోర్, దాని చుట్టూ ఉన్న గాజు పొరల అడ్డుకొలతలు, మైక్రాన్లలో) అని ఉంటే ఓఎం1. 50/125 అని ఉంటే సాధారణంగా ఓఎం2. ఓఎం1 మీద 1 గిగాబిట్ 220 నుంచి 275 మీటర్ల దాకా హాయిగా నడిచేది. అదే కేబుల్‌కి 10 గిగాబిట్ ఎస్ఆర్ మాడ్యూల్ (స్విచ్‌లో గుచ్చే, తక్కువ దూరానికి వెలుతురు పంపే ముక్క) తగిలిస్తే ప్రమాణం ప్రకారం 33 మీటర్లే. ఓఎం2 అయితే 82. ఆక్వా రంగు ఓఎం3 అయితే 300, ఓఎం4 అయితే 400 మీటర్లు వస్తాయి. పసుపు రంగు సింగిల్ మోడ్ (బాగా సన్నని కోర్ ఉండే ఫైబర్) ఉన్నవాళ్లు నిశ్చింతగా ఉండొచ్చు. ఎక్కువ దూరానికి వాడే ఎల్ఆర్ మాడ్యూళ్లతో 10 కిలోమీటర్ల దాకా పోతుంది.

మూడు అంతస్తులే కదా, 33 మీటర్లు సరిపోవా అనుకోకండి. కేబుల్ నిట్టనిలువుగా దిగదు. సీలింగ్ మీదుగా, షాఫ్ట్ దాకా, మళ్లీ ర్యాక్ దాకా తిరుగుతుంది. మధ్యలో చుట్టగా వదిలిన మిగులు కూడా ఉంటుంది. చాలా కేబుళ్ల తొడుగు మీద మీటరుకో, అడుగుకో అంకె ముద్రించి ఉంటుంది. రెండు చివర్ల అంకెలు చూసి ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే పొడవు తేలిపోతుంది. మధ్యలో అతుకులు ఉంటే మాత్రం ఫైబర్‌లోకి వెలుతురు పంపి పొడవు కొలిచే ఓటీడీఆర్ పరికరంతో కొలిపించాలి.

ఓఎం1 అయ్యుండి 33 మీటర్లు దాటినా, వెంటనే గోడలు పగలగొట్టక్కర్లేదు. ఇలాంటి పాత కేబుల్ కోసమే ఎల్ఆర్ఎం మాడ్యూళ్లు ఉన్నాయి, 220 మీటర్ల దాకా పనిచేస్తాయి. వాటికి మోడ్ కండిషనింగ్ ప్యాచ్ కార్డ్ (వెలుతురును కోర్‌లో సరైన చోటికి పంపే పొట్టి కేబుల్) కావాలి. మీరు కొనబోయే స్విచ్ ఎల్ఆర్ఎంని తీసుకుంటుందో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి. ఇన్ని చూశాక కూడా కొత్తది వేయక తప్పదంటే సింగిల్ మోడే వేయించండి.

స్విచ్‌కీ గోడలోని కేబుల్‌కీ మధ్య తగిలించే ప్యాచ్ కార్డులు మాత్రం కొత్తవి తీసుకోండి, గోడలోని కేబుల్ రకానివే. 62.5 మైక్రాన్ల కోర్ నుంచి 50 మైక్రాన్ల కోర్‌లోకి వెళ్లే చోట చాలా వెలుతురు పోతుంది. కనెక్టర్లను తుడవకుండా గుచ్చొద్దు. లింక్ వచ్చాక స్విచ్‌లో మాడ్యూల్ రిసీవ్ పవర్ (దానికి అందుతున్న వెలుతురు బలం) చూడండి. ఎస్ఆర్‌కి కనీస పరిమితి మైనస్ 9.9 డీబీఎం. మీది దాని అంచున ఊగుతుంటే కేబుల్‌ని తిట్టేముందు కనెక్టర్‌ని మళ్లీ తుడవండి.

ఇక్కడ నాకు కోపం తెప్పించే సంగతి ఒకటి ఉంది. వేరే కంపెనీ మాడ్యూల్ పెడితే పోర్టునే ఆపేసే స్విచ్‌లు. ఎవరు చేసిన మాడ్యూల్ అయినా ఎవరి స్విచ్‌లోనైనా పట్టాలనే చాలా కంపెనీలు కలిసి ఒక కొలతకు ఒప్పుకున్నాయి. తర్వాత వాటిలో కొన్ని, మాడ్యూల్ లోపలి చిప్‌లో తమ పేరు ఉందా లేదా అని వెతికే సాఫ్ట్‌వేర్ పెట్టాయి. నిన్నటిదాకా నడిచిన మాడ్యూల్ ఒక ఫర్మ్‌వేర్ (స్విచ్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ తర్వాత చచ్చిపోతే దాన్ని భద్రత అనడం అన్యాయం. దీనివల్ల జనం అప్‌డేట్లకే భయపడుతున్నారు, అసలు భద్రత అక్కడ దెబ్బతింటోంది.

మీరు అడగలేదు గానీ, నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది కేబుల్ కాదు, మీరు తీసి మూలన పెట్టే పాత స్విచ్. అందులో మీ నెట్‌వర్క్ చిత్రమంతా ఉంటుంది: విలాన్‌లు (నెట్‌వర్క్‌ని విడగొట్టిన భాగాలు), ఐపీ అడ్రసులు, స్విచ్‌ని దూరం నుంచి గమనించే ఎస్ఎన్ఎంపీ పద్ధతికి పాస్‌వర్డ్‌లా పనిచేసే కమ్యూనిటీ పేర్లు, లాగిన్లను సరిచూసే రేడియస్ సర్వర్ రహస్య పదం, అడ్మిన్ పాస్‌వర్డ్. కొన్ని మోడళ్లు పాస్‌వర్డ్‌ని క్షణాల్లో విప్పేయగలిగే పద్ధతిలో దాస్తాయి. పైగా స్విచ్ మార్చేటప్పుడు దాదాపు అందరూ పాత కాన్ఫిగరేషన్‌నే కొత్తదాంట్లోకి కాపీ చేస్తారు. అంటే పాత సామాన్ల వాడికి మీరు ఇచ్చింది కొత్త స్విచ్ పాస్‌వర్డే. ఆ కాపీతో పాటే పాస్‌వర్డ్‌ని దాచకుండా పంపే టెల్‌నెట్ లాగిన్, అందరికీ తెలిసిన 'పబ్లిక్' అనే కమ్యూనిటీ పేరు కూడా కొత్తదాంట్లోకి వచ్చేస్తాయి. టెల్‌నెట్ ఆపి, అన్నీ దాచి పంపే ఎస్ఎస్‌హెచ్ పెట్టండి, ఎస్ఎన్ఎంపీ మూడో వెర్షన్‌కి మారండి, పాస్‌వర్డ్‌లూ రహస్య పదాలూ అన్నీ మార్చండి. ఈ పనులు వాయిదా వేస్తే మళ్లీ చేసేది లేదు, స్విచ్ మార్చే రోజే చేయండి.

పాతదాన్ని రీసెట్ నొక్కి వదిలేయొద్దు. కొన్నింట్లో విలాన్‌ల వివరాలు వేరే ఫైల్లో ఉంటాయి, బ్యాకప్ కాపీలు స్విచ్ లోపలి ఫ్లాష్ మెమరీలోనే మిగిలిపోతాయి. అన్నీ చెరిపాక మళ్లీ కరెంటు ఇచ్చి, స్విచ్‌కి నేరుగా కంప్యూటర్ తగిలించే కన్సోల్ కేబుల్‌తో లోపలికి వెళ్లి చూడండి. పాత పేరు గానీ, పాత విలాన్‌లు గానీ, ఒక్క ఫైలు గానీ కనబడినా దాన్ని ఆఫీసు గడప దాటనివ్వకండి.