గడిలో ఉండాల్సింది క్రియ

ప్రశ్న: వాల్యూ ఇంజనీరింగ్ (వస్తువు చేసే పని తగ్గకుండా ఖర్చు తగ్గించే పద్ధతి) పాఠంలో ఒక వస్తువు ఫంక్షన్లను రెండేసి మాటల్లో గడుల్లో రాసి పటం గీయమన్నారు. ఊళ్లో ఫ్లోరైడ్ తీసే నీళ్ల ప్లాంటును తీసుకుని మొదటి గడిలో ‘జల శుద్ధీకరణ ప్రక్రియ’ అని రాశాను. ‘ఇది పేరు, పని కాదు’ అన్నారు మా సార్. ఫంక్షన్‌ను ప్రమేయం అనాలా? ఇంగ్లిష్‌లో లాగా క్రియ ముందు రాయాలా?
– ఒక విద్యార్థిని, నల్లగొండ జిల్లా

జవాబు: మీ సార్ చెప్పింది నిజమమ్మా. ప్రమేయం లెక్కల పుస్తకంలో మాట, దాన్ని అక్కడే ఉంచండి. ఇక్కడ ‘పని’ చాలు. అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్‌లో లారెన్స్ మైల్స్ 1940లలో ఈ పద్ధతికి దారి వేసినప్పుడు అడిగిన ప్రశ్న కూడా అదే: ఈ వస్తువు చేసే పని ఏమిటి? ఆ పనికి ఒక క్రియ, ఒక నామం. నామం కొలవగలిగేదై ఉంటే మేలు. ‘నీరు బాగుచేయు’ అంటే ఎంత బాగుచేయాలో తెలియదు. ‘ఫ్లోరైడ్ తగ్గించు’ అంటే లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకుండా అని లెక్క చెప్పొచ్చు.

తెలుగులో క్రియ చివరే రానివ్వండి. ‘తగ్గించు ఫ్లోరైడ్’ అని తిప్పి రాయడం మన వాక్యానికి అన్యాయం. ‘-కరణ’, ‘ప్రక్రియ’, ‘నిర్వహణ’ లాంటివి తగిలించగానే క్రియ నామమైపోతుంది, ఎవరు ఏం చేస్తున్నారో కనపడదు. మన దగ్గర తగ్గించు, దించు, కలుపు, ఎత్తు అని పొట్టి క్రియలు ఎన్ని లేవు!

నాకు బాగా నచ్చే సంగతి ఇంకోటి ఉంది. మీరు గీసే ఈ గడుల పటాన్ని ఫాస్ట్ (ఫంక్షన్ అనాలిసిస్ సిస్టమ్ టెక్నిక్) పటం అంటారు. 1964లో చార్లెస్ బైథ్‌వే రూపొందించిన ఆ పటంలో గడులను ఎడమ నుంచి కుడికి ‘ఎట్లా’ అని, కుడి నుంచి ఎడమకు ‘ఎందుకు’ అని అడుగుతూ చదవాలి. ఆ రెండు ప్రశ్నలకూ మన క్రియలోనే జవాబు ఉంది. ‘ఎట్లా’కు క్త్వార్థం, అంటే ముందు చేసే పనిని చెప్పే రూపం: కలిపి, దించి. ‘ఎందుకు’కు తుమున్నర్థం, అంటే దేనికోసమో చెప్పే రూపం: కలపడానికి, దించడానికి. పాలమూరు వైపు కలపనీకి, దించనీకి అంటారు, అదీ తుమున్నర్థమే.

నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన నల్లగొండ పద్ధతినే చూడండి. నీళ్లలో పటిక, సున్నం కలిపి తిప్పుతారు. ఫ్లోరైడ్‌ను పట్టుకున్న మడ్డి అడుక్కి దిగుతుంది, పైనున్న తేట తీసుకుంటారు. గడులు ఎడమ నుంచి ఇలా వస్తాయి: ఫ్లోరైడ్ తగ్గించు, మడ్డి దించు, పటిక కలుపు. ఇప్పుడు ఎడమ నుంచి గట్టిగా చదవండి. ‘ఫ్లోరైడ్ ఎట్లా తగ్గించాలి? మడ్డి దించి. మడ్డి ఎట్లా దించాలి? పటిక కలిపి.’ వెనక్కి: ‘పటిక ఎందుకు కలపాలి? మడ్డి దించడానికి. మడ్డి ఎందుకు దించాలి? ఫ్లోరైడ్ తగ్గించడానికి.’ రెండు వైపులా అర్థం కుదిరింది కాబట్టి వరుస సరైనదే.

అదే ప్లాంటులో బ్లీచింగ్ పౌడర్ కూడా వేస్తారు. ‘బ్లీచింగ్ వేసి ఫ్లోరైడ్ తగ్గించాలి’ అనే వాక్యంలో వ్యాకరణం సరిగ్గానే ఉంది, మాట మాత్రం తప్పు. అది క్రిములను చంపడానికి. కాబట్టి ‘క్రిములు చంపు’ అనే గడి ఈ వరుసలో కలవదు, విడిగా పెట్టండి.

పరీక్షలో ‘తగ్గించడానికి’ అనే రాయండి. గడులు సరిచూసుకునేటప్పుడు మాత్రం ఇంట్లో మాట్లాడే రూపంలో, గొంతు విప్పి చదవండి. వరుస తప్పితే మీ చెవికే ముందు తెలుస్తుంది.