బ్రిడ్జి ప్రశ్నోత్తరాలు: ఒక్క పాయింటు చేతికీ మాట ఉంది

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో మేము నలుగురు విశ్రాంత ఉద్యోగులం ఆదివారం సాయంత్రాలు బ్రిడ్జి ఆడుకుంటాం. క్రిందటి వారం నా పార్ట్‌నర్ ఒక నో ట్రంప్‌తో (తురుపు రంగు లేని ఆటతో) వేలం మొదలుపెట్టారు. మా ఒప్పందం ప్రకారం దానికి 15 నుంచి 17 పాయింట్లు (ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1) ఉండాలి. నా చేతిలో ఇస్పేట్లు 7, 4. ఆఠీన్లు జాకీ, 10, 8, 6, 5, 3. డైమన్లు 9, 5. కళావర్లు 8, 6, 3 ఉన్నాయి. జాకీ తప్ప మరో బొమ్మ లేదు కనుక పాస్ అన్నాను. పార్ట్‌నర్ చేతిలో ఇస్పేట్లు ఆసు, రాణి, 6, 5. ఆఠీన్లు ఆసు, 4. డైమన్లు ఆసు, 7, 4, 3. కళావర్లు రాజు, 7, 2 ఉన్నాయి. కావలసిన ఏడు ట్రిక్కుల్లో (గెలిచిన పట్టుల్లో) ఆయనకు నాలుగే వచ్చాయి. మేము వల్నరబుల్ (తగ్గితే ఎక్కువ నష్టపోయే స్థితి) కావడంతో 300 పోయింది. ఆట అయ్యాక ఆయన, "మీరు రెండు డైమన్లు అనాల్సింది, ట్రాన్స్‌ఫర్ (మన రంగు పేరు పార్ట్‌నర్ చేత చెప్పించే పద్ధతి) పెట్టుకున్నాం కదా" అన్నారు. డైమన్లు రెండే ఉన్న చేతితో, ఒక్క పాయింటు పెట్టుకొని, పై స్థాయికి పోవడం ఏ లెక్కన సరైనది?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ పార్ట్‌నర్ చెప్పిందే సరైనది. అయితే మీ సందేహం చాలామందికి కలిగేదే కనుక కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది. "పాయింట్లు లేకపోతే నోరు మూసుకోవాలి" అన్న సూత్రం ఆటకు (గేమ్, అంటే బోనస్ తెచ్చే పై కాంట్రాక్టుకు) దగ్గరగా పోయే చేతులకు వర్తిస్తుందే గాని, ఎంత తక్కువ నష్టంతో బయటపడగలమా అని చూసుకోవలసిన మీ వంటి చేతికి వర్తించదు.

ముందు ఆ చేతులను నో ట్రంప్‌లో ఆడి చూడండి. పార్ట్‌నర్‌కు మూడు ఆసులు నికరమైన ట్రిక్కులు. నాలుగోది ఇస్పేటు రాణి వల్లో కళావరు రాజు వల్లో రావాలి. మీ ఆరు ఆఠీన్లలో ఆసు కింద పడేది ఒకటి, రాజుకో రాణికో పోయేది ఇంకొకటి. ఆ తరువాత పార్ట్‌నర్ చేతిలో ఆఠీను లేదు, మీ చేతికి రావడానికి వేరే దారీ లేదు. కృష్ణ లంకల్లో పండిన పంట పడవ లేనిదే ఒడ్డుకు చేరనట్టు, మీ పొడవాటి రంగు మొత్తం డమ్మీలోనే (బల్ల మీద పరిచిన చేతిలోనే) ఉండిపోయింది.

అవే చేతులను ఆఠీను తురుపుగా ఆడండి. ఎదుటివారి దగ్గరున్న ఐదు ఆఠీన్లు మూడు, రెండుగా విడిపోయే అవకాశం సుమారు 68 శాతం. అలా విడిపోయినప్పుడు రాజు, రాణి రెండు ట్రిక్కులు తీసుకుంటాయి, మీ ఆసు ఒకటి తెస్తుంది, డమ్మీలో మిగిలిన మూడు చిన్న తురుపులూ తలా ఒక ట్రిక్కు సంపాదిస్తాయి. అంటే మూడు నికరమైన ట్రిక్కులున్న చోట ఆరు వచ్చాయి. నో ట్రంప్‌లో దొరికిన ఆ నాలుగో ట్రిక్కు ఇక్కడ ఏడోది అవుతుంది. మీరు ఎక్కిన స్థాయి ఒకటే, పెరిగిన ట్రిక్కులు మూడు. మరొక ట్రిక్కు కలిసివస్తే, రెండు ఆఠీన్లకు కావలసిన ఎనిమిదీ పూర్తయి కాంట్రాక్టు నిలుస్తుంది. కలిసిరాకపోయినా పోయేది 300 కాదు, 100 మాత్రమే.

అయితే నేరుగా "రెండు ఆఠీన్లు" అనక, డైమన్ల పేరు చెప్పి ఎందుకు తిరగాలి? పాత పద్ధతిలో నేరుగానే అనేవారు, ఓపెనర్ (వేలం మొదలుపెట్టినవాడు) పాస్ అనేవాడు. అప్పుడు బలహీనమైన చెయ్యి ఆడుతుంది, బలమైన చెయ్యి డమ్మీగా బల్ల మీద పరుచుకుంటుంది. మొదటి ముక్క వేసేవారు ఆ ఆసు, రాణిల మధ్యగా ఇస్పేటు నడిపిస్తే, వెనుక కూర్చున్న వారి రాజు రాణిని కబళిస్తుంది. ట్రాన్స్‌ఫర్‌తో ఆఠీన్ల పేరు మొదట చెప్పేవారు మీ పార్ట్‌నరే కనుక ఆడేదీ ఆయనే. మొదటి ముక్కకు ఆయన చెయ్యి చివరిది. ఇస్పేటు వస్తే రాజు ఎవరి దగ్గరున్నా ఆసు, రాణి రెండూ ట్రిక్కులు తీస్తాయి. కళావరు వస్తే రాజు నిలుస్తుంది. డైమన్ల బిడ్డు (వేలం మాట) అంటే "ఆఠీన్లు చెప్పండి" అనీ, ఆఠీన్ల బిడ్డు అంటే "ఇస్పేట్లు చెప్పండి" అనీ అర్థం. ఇందులో ఓపెనర్‌కు ఇష్టాయిష్టాలు లేవు; ఆఠీన్లు రెండే ఉన్నా చెప్పి తీరాలి. నాలుగు ముక్కలూ, గరిష్ఠంగా 17 పాయింట్లూ ఉన్నప్పుడు మాత్రం ఒక మెట్టు ఎగిరి "మూడు" అనడం చాలామంది పెట్టుకున్న ఒప్పందం.

బలమైన చేతిని దాచుకోవడం చిన్న లాభమనీ, అసలు లాభం వేరే ఉందనీ నా అభిప్రాయం. పాత పద్ధతిలో బలహీనమైన చేతికి ఒకే మాట దక్కేది: రెండు ఆఠీన్లు అంటే ముగింపు, మూడు అంటే ఆట కోసం. మధ్యస్థమైన చేతికి చెప్పుకునే వీలు తక్కువ. ట్రాన్స్‌ఫర్‌లో మాట మళ్ళీ మీ దగ్గరకు వస్తుంది; మీకు రెండో బిడ్డు దొరుకుతుంది. ఐదు ముక్కల రంగుతో 8 లేదా 9 పాయింట్లుంటే రెండో బిడ్డు "రెండు నో ట్రంప్". ఓపెనర్ తన పాయింట్లూ, ఆ రంగులోని ముక్కలూ చూసుకొని ఆగుతాడో పైకి పోతాడో నిర్ణయిస్తాడు. ఆరు ముక్కలుండి అంతే బలముంటే ఆ రంగునే మూడుకు పెంచుతారు, ఇంకాస్త బలముంటే నాలుగుకు. వీటన్నిటిలో నాకు అత్యంత ఇష్టమైనది మూడు నో ట్రంప్ అనే రెండో బిడ్డు. ఉదాహరణకు ఇస్పేట్లు రాజు, జాకీ, 8, 5, 2. ఆఠీన్లు రాణి, 6. డైమన్లు ఆసు, 7, 3. కళావర్లు 9, 6, 4 అనుకోండి. పది పాయింట్లు, పార్ట్‌నర్‌కు కనీసం 15 కనుక ఆట ఖాయం. ఏ ఆట అన్నదే ప్రశ్న. "రెండు ఆఠీన్లు" అని, ఆయన "రెండు ఇస్పేట్లు" అన్న తరువాత "మూడు నో ట్రంప్" అంటే, నా దగ్గర సరిగ్గా ఐదు ఇస్పేట్లున్నాయి, మూడు ముక్కలుంటే నాలుగు ఇస్పేట్లకు మార్చండి, రెండే ఉంటే ఇక్కడే ఆగండి అని చెప్పినట్టు. ఒక చెయ్యి తన ఆకారం చెప్పింది, రెండోది ఎంచుకుంది.

అమెరికాలో ఆస్వాల్డ్ జాకోబీ 1956లో ఈ ట్రాన్స్‌ఫర్ ఆలోచనకు ప్రచారం కల్పించాడు. స్వీడన్‌లో ఒల్లె విల్నర్ అప్పటికే దాన్ని ప్రతిపాదించాడు. అయినా ప్రచారం జాకోబీది కనుక దీనికి జాకోబీ ట్రాన్స్‌ఫర్ అన్న పేరు స్థిరపడింది.

మీ నలుగురికీ నేను చెప్పేది ఇది: వచ్చే ఆదివారం, ఒక నో ట్రంప్‌కు ఐదు లేదా ఆరు ముక్కల ఆఠీనో ఇస్పేటో పట్టుకొని సున్నా పాయింట్లతో ఉన్నవారు కూడా ట్రాన్స్‌ఫర్ చెప్పాలని ముందుగానే ఒప్పుకోండి. ఆపై ఆగిపోవడానికి "పాస్" ఉండనే ఉంది.

ప్రశ్న: నేనూ మావారూ ఒక పోటీలో ఆడాం. ఆయన ఒక నో ట్రంప్ అనగా, నేను ఆరు ఆఠీన్లు, రెండు ఇస్పేట్లు, నాలుగు పాయింట్లతో, మా ఒప్పందం మరిచిపోయి "రెండు ఆఠీన్లు" అన్నాను. ఎదుటివారు అడగగా మావారు "ఇస్పేట్లకు ట్రాన్స్‌ఫర్" అని చెప్పి, "రెండు ఇస్పేట్లు" అన్నారు. అప్పుడు నా పొరపాటు గుర్తొచ్చి "మూడు ఆఠీన్లు" అన్నాను. ఎదుటివారు అభ్యంతరం చెప్పారు. నా తప్పేమిటి?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఒప్పందాన్ని మరిచిపోవడం తప్పు కాదు. మీ వారి వివరణ కూడా సరైనదే, ఎందుకంటే ఎదుటివారికి తెలియవలసింది మీ ఇద్దరి ఒప్పందమే గాని మీ చేతిలో నిజంగా ఏముందో కాదు. కనుక వివరణను మీరు సరిదిద్దవలసిన పని కూడా లేదు. చిక్కు అంతా "అప్పుడు గుర్తొచ్చి" అన్న మాటలో ఉంది. మిమ్మల్ని మేల్కొలిపింది ఆయన బిడ్డు కాదు, ఆయన నోటి నుంచి వెలువడిన వివరణ. బిడ్డును వినే హక్కు మీకుంది. పార్ట్‌నర్ వివరణను వాడుకునే హక్కు లేదు. ఆ వివరణ వినని వారైతే మీ చేతితో ఏమని ఉండేవారో ఆలోచించండి. వారిలో కొందరైనా పాస్ అనే అవకాశముంటే, వివరణ సూచించిన "మూడు ఆఠీన్లు" మీరు ఎంచుకోకూడదు. మీ చేతికి పాస్ సహేతుకమైన ప్రత్యామ్నాయమని నేను అనుకుంటున్నాను, కనుక ఎదుటివారి అభ్యంతరంలో న్యాయముంది. వారికి నష్టం జరిగిందని తేలితే డైరెక్టర్ స్కోరును సవరిస్తారు. నిజాయితీతో అడిగారు కనుక ఒక మాట చేర్చుతాను: ఆ రెండు ఇస్పేట్లను అలాగే ఆడించి, ఎన్ని తగ్గితే అన్ని తగ్గనివ్వడమే మీరు చేయవలసినది. అది కష్టమే, ఎదురుగా కూర్చున్నది మీ వారే అయినప్పుడు మరింత కష్టం.

ప్రశ్న: మనం నో ట్రంప్ అన్నాక ఎదుటివారు మధ్యలో బిడ్డు పెడితే ట్రాన్స్‌ఫర్లు ఉన్నట్టా, లేనట్టా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇది పూర్తిగా మీ ఇద్దరి ఒప్పందం. ఎక్కువమంది పాటించే పద్ధతిలో ఎదుటివారు డబుల్ అంటే ఏమీ మారదు. "రెండు కళావర్లు" అంటే, మీ డబుల్ స్టేమన్ (ఓపెనర్‌కు నాలుగు ముక్కల ఆఠీనో ఇస్పేటో ఉందా అని అడిగే బిడ్డు) అవుతుంది, ట్రాన్స్‌ఫర్లు యథాతథంగా ఉంటాయి. "రెండు డైమన్లు" లేదా అంతకు పైది అంటే ట్రాన్స్‌ఫర్లు రద్దయి, మీరు ఏ రంగు పేరు చెబితే ఆ రంగే అర్థం.