నడిపేది పాతదైనా పర్లేదు, ఆపేది కొత్తదై ఉండాలి

ప్రశ్న: అన్నా, కొలంబస్‌లో ఈమధ్యే ఉద్యోగంలో చేరాను. ఆఫీసు ఇంటికి మూడు మైళ్లే. రెండు కార్లు చూశాను. ఒకటి 2013 టయోటా కరోలా, చవక. రెండోది 2018 హోండా సివిక్ టర్బో, స్క్రీన్ అదీ బావుంది. రూమ్మేట్లు కరోలాని చూసి నవ్వుతున్నారు. ఏది తీసుకోమంటావు?

నవ్వనీ తమ్ముడూ. వాళ్లు నవ్విన ఆ 1.8 లీటర్ ఇంజన్ 2009 మోడల్ కరోలాల నుంచీ ఉంది. గాలిని నొక్కి ఇంజన్లోకి పంపే టర్బో లేదు, పెట్రోలు నేరుగా సిలిండర్లోకి చిమ్మే ఏర్పాటూ లేదు. ఊళ్లో ఏ మెకానిక్కైనా దాని గుట్టు తెలుసు. దానికి జతగా ఉన్న గేర్‌బాక్స్ నాలుగు గేర్ల పాతకాలపు ఆటోమేటిక్. హైవే మీద గట్టిగా తొక్కితే రొద పెడుతుంది, అంతే.

సివిక్ టర్బో చెడ్డ బండి కాదు. హుషారుగా పోతుంది. కానీ నీ ఆఫీసు ఇంటికి మూడు మైళ్లే అంటున్నావు, పైగా ఒహాయో చలి. ఇంజన్ వేడెక్కకముందే దిగిపోతావు. సివిక్ టర్బోలో పెట్రోలు నేరుగా సిలిండర్లోకే చిమ్ముతుంది కాబట్టి, అలా రోజూ నడిపితే గోడలకి అంటిన పెట్రోలు కిందకి జారి ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ ఎంతుందో కొలిచే పుల్ల, డిప్‌స్టిక్ తీసి చూస్తే తగ్గాల్సిన ఆయిల్ పెరిగి ఉంటుంది, వాసన కూడా కొడుతుంది. ఈ గొడవ మీదే 2016-18 సివిక్‌లకి హోండా వారంటీ పొడిగించాల్సి వచ్చింది. రోజూ ముప్పై మైళ్లు పోయేవాడివైతే నేనింత చెప్పేవాణ్ణి కాదు.

నాకూ ఒకసారి కొత్తదనం పిచ్చి పట్టింది. రెండు క్లచ్‌లతో తనే గేర్లు మార్చే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ ఉన్న చిన్న కారు కొన్నాను, కంపెనీ పేరెందుకులే. సిగ్నల్ దగ్గర బయల్దేరితే ఎద్దుబండిలా కుదిపేది. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

అయితే 2013 కరోలా కూడా వద్దంటాను. ఇంతకాలం ఎడమవైపు నడిపిన చేతులు నీవి. మొదటి ఆర్నెల్లు కళ్లు ఒకచోట, కారు ఒకచోట ఉంటాయి. ముందు కారు ఆగితే తనంతట తనే బ్రేకు వేసే ఏర్పాటు ఆ బండిలో లేదు. పైగా ఆ తరం కరోలాలు టకాటా ఎయిర్‌బ్యాగ్ రీకాల్‌లో ఉన్నాయి, అంటే లోపమున్న టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్‌ని మార్పించుకోవాల్సిన బండ్లు. మార్చారో లేదో కారు గుర్తింపు నంబరు, అదే విన్ నంబరు కొట్టి, రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో చూడొచ్చు, పైసా ఖర్చు లేదు.

నన్నడిగితే ఇంకాస్త డబ్బు కలిపి 2020 కరోలాలో ఎల్ఈ అనే రకం వెతుకు. ఇంజన్ ఆ పాత 1.8 కుటుంబానిదే, 139 హార్స్‌పవర్. దానంతటదే పడే బ్రేకు, వెనక కెమెరా రెండూ కంపెనీవే వస్తాయి. ఎస్ఈ అనే రకంలో ఉండేది 2.0 లీటర్ కొత్త ఇంజన్, పొరబడకు. ఎల్ఈలో గేర్‌బాక్స్ మాత్రం సీవీటీ, అంటే విడివిడి గేర్లు లేకుండా బెల్టు మీద నడిచేది. దాని ఆయిల్ జీవితాంతం వస్తుందంటారు, ఎవరి జీవితమో చెప్పరు. 60,000 మైళ్లకి నేను మార్పించేస్తాను.

ఆ బ్రేకు కోసం ముందద్దం వెనక ఇంకో కెమెరా ఉంటుంది, అద్దం పగిలి మార్పిస్తే మాత్రం దాన్ని మళ్లీ సరిచేయించాలి, ఆ ఖర్చు వేరే. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడే అద్దం కవరేజీ అడుగు. కొనేముందు అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్‌కి చూపించు. చూపించనివ్వకపోతే అక్కణ్ణించి లేచి వచ్చెయ్. ఆదివారం ఖాళీ అయితే ఫోన్ చెయ్, నేనూ వస్తాను.