మేనకోడలి చదువుకు మూడు రూపాయల వడ్డీనా?

ప్రశ్న: మాది గుంటూరు. నాకు 31 ఏళ్లు, జీతం 27,000. భార్య, రెండేళ్ల బాబు, అమ్మ నా మీదే ఆధారం. ఇంటి ఖర్చు 22,000, చీటీ 5,000. లక్ష చీటీలో ఇంకా ఆరు వాయిదాలున్నాయి. బ్యాంకులో 18,000 ఉంది. మా బావ జనవరిలో గుండెపోటుతో పోయారు. కోల్డ్ స్టోరేజీలో ఆరేళ్లు చేశారు, జీతం 13,000, పీఎఫ్ కోసేవారు. అక్క మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తోంది. మేనకోడలు మున్సిపల్ స్కూల్లో ఏడో తరగతి పరీక్షలు రాసి, ఇప్పుడు అక్కతో పాటు పనికి పోతోంది. మేనల్లుడు ప్రైవేటు స్కూల్లో ఐదు పూర్తి చేశాడు, 9,000 ఫీజు బాకీ. అమ్మాయిని విజయవాడలో కార్పొరేట్ రెసిడెన్షియల్లో ఎనిమిదిలో చేర్చాలని ఉంది. ఫీజు 1,60,000. చీటీ పాడితే 80,000 వస్తుంది, మిగతా 80,000 మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: వద్దు. మే, జూన్ నెలల్లో ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి, అందరిదీ ఇదే పొరపాటు. మొదటి ఏడాది ఫీజు ఎలా పుడుతుందన్నదే చూస్తారు.

మీ లెక్క మీరే రాశారు. 27,000లో ఇల్లు, చీటీ పోను మిగిలేది సున్నా. 80,000కి నెలకు 2,400 వడ్డీ ఎక్కడి నుంచి తెస్తారు? చీటీ పాడుకున్నా మిగతా వాయిదాలు కట్టక తప్పదు. పదో తరగతి అయ్యేసరికి వడ్డీయే 86,400 అవుతుంది, అసలు అలాగే ఉంటుంది. తొమ్మిది, పది ఫీజుల మాట మీరు ఎత్తనే లేదు. మధ్యలో ఫీజు ఆగితే ఆ పిల్ల మళ్లీ మిర్చి కుప్ప దగ్గరికే. ఏడాదికి 36 శాతం వడ్డీతో ఎవరి చదువూ సాగదు.

ఫీజు లేని సీటు ఉండగా ఈ అప్పెందుకు? ముందు అమ్మాయిని పని మాన్పించండి. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం. తర్వాత రెండు దారులున్నాయి. పగలు ఇంట్లో చూసుకునే మనిషి లేకపోతే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం. తండ్రి లేని పిల్లలకు, బడి మానేసినవాళ్లకు అక్కడ ప్రాధాన్యం, తిండీ వసతీ ఉచితం. ఎనిమిదిలో మిగులు సీట్లే ఉంటాయి కాబట్టి సమగ్ర శిక్ష జిల్లా ఆఫీసులో జీసీడీవోను, అంటే బాలికల విద్య చూసే అధికారిని, కలిసి ఖాళీలు అడగండి. బావగారి మరణ ధ్రువపత్రం, ఆధార్, రైస్ కార్డు, టీసీ, కులం, ఆదాయం పత్రాలు వెంట ఉండాలి. ఆధార్‌లో పేరు, టీసీలో పేరు తేడాగా ఉంటే ముందు అది సరిచేయించండి, చాలా దరఖాస్తులు అక్కడే ఆగుతాయి.

ఇంట్లో అమ్మమ్మ చూసుకోగలిగితే మాత్రం నా ఓటు మున్సిపల్ హైస్కూలుకే. ఎనిమిదిలో ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్ష రాయొచ్చు. ఏడులో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 వస్తుంది. ప్రభుత్వ వసతి పాఠశాలల్లో చదివేవాళ్లకు ఇది రాదు. నెగ్గాక నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేయకపోతే డబ్బు పడదు, ఆ గడువు మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

అబ్బాయిని ఆరులో మున్సిపల్ హైస్కూల్లో చేర్చండి. ఫీజు బాకీ అని టీసీ ఆపినా సరే. టీసీ ఆలస్యమైందని ఎనిమిదో తరగతి లోపు పిల్లల్ని చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ చెబుతోంది. బడికెళ్లే పిల్లల తల్లుల ఖాతాలో రాష్ట్ర ప్రభుత్వం డబ్బు వేసే తల్లికి వందనం కోసం అక్క ఖాతాకు ఆధార్ లింకు చూసుకోండి. మిషన్ వాత్సల్య కింద పిల్లలకు నెలకు 4,000 చొప్పున స్పాన్సర్‌షిప్ ఉంది. పట్టణంలో ఏడాది ఆదాయం 96,000 దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వండి, హాస్టల్లో చేరితే ఇది ఆగుతుందా అని అక్కడే అడగండి. మంజూరయ్యేదాకా ఆ డబ్బును లెక్కలో వేసుకోవద్దు.

అసలు పెద్ద మొత్తం వేరే ఉంది. పీఎఫ్ కోసేవారని రాసి, ఆ ఊసే వదిలేశారు! సర్వీసులో ఉండగా సభ్యుడు చనిపోతే ఈడీఎల్ఐ అని పీఎఫ్‌తో పాటు వచ్చే బీమా ఉంటుంది. సగటు జీతానికి 35 రెట్లు, అంటే 13,000 మీద 4,55,000. దానిపై పీఎఫ్ నిల్వలో సగం కలుపుతారు, మొత్తం 7 లక్షలకు మించదు. పీఎఫ్ సొమ్ము వేరు. అక్కకు పింఛను, ఇద్దరు పిల్లలకూ 25 ఏళ్లు వచ్చేదాకా దానిలో పావు వంతు చొప్పున వేరు. యజమాని సంతకంతో డెత్ క్లెయిం ఫారం గుంటూరు పీఎఫ్ ఆఫీసులో ఇవ్వండి. నామినేషన్ లేకున్నా భార్యాపిల్లలకు హక్కుంటుంది. బావగారి బ్యాంకు పాస్‌బుక్ కూడా తిరగేయండి. 436 రూపాయల కోత కనిపిస్తే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా కింద ఇంకో 2 లక్షలు.

ఇక మీ సంగతి. ఇప్పుడు రెండు కుటుంబాలు మీ ఒక్క జీతం వైపు చూస్తున్నాయి, మీకేమో ఒక్క పాలసీ కూడా ఉన్నట్టు రాయలేదు. బావగారికి జరిగింది రేపు మీకు జరిగితే? ఈ నెలలోనే 50 లక్షల టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమా, తీసుకోండి. పొగతాగని 31 ఏళ్ల మనిషికి ప్రీమియం మీరు కట్టబోయిన వడ్డీలో సగం కూడా ఉండదు. మొదటి ఏడాదిది బ్యాంకులో ఉన్న 18,000 నుంచి కట్టేయండి. చీటీ పాడొద్దు, చివరిదాకా ఆగండి. కమీషన్ పోను 95,000 దాకా వస్తుంది. అది, బ్యాంకులో మిగిలింది కలిపితే లక్ష దాటుతుంది. తర్వాత చీటీ వాయిదా 5,000 అలాగే దాస్తే ఆరు నెలల్లో 1,32,000 అవుతుంది, మీ ఇంటికి ఆరు నెలల ఖర్చు. ఆ నిధి నిండేదాకా ట్యూషన్, ఫౌండేషన్ కోర్సు, బంగారం ఏదీ వద్దు.

అక్కకు పీఎఫ్ డబ్బు వచ్చాక బంధువులు చేరతారు, వడ్డీకి తిప్పుతామంటారు. ఆ సొమ్ము అక్క పేరు మీదే ఫిక్స్‌డ్ డిపాజిట్లలో వేయించండి, అందులో ఆరు నెలల ఖర్చు విడిగా, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా.